పాఠం అప్పజెప్పించుకుందాం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగ రోజో కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షను దయతో ఇచ్చే దానం కాదు, మన హక్కు అని తేల్చింది. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. అధ్యక్షులవారు నాకు మరొక పని ఒప్పగించారు. "ఫిబ్రవరి, మార్చి నెలలు దగ్గర పడుతున్నాయి. మన సభ్యుల ఇళ్ళలో మనుమలూ మనుమరాళ్ళూ పరీక్షలకు కూర్చుంటున్నారు. వాళ్ళ చదువు విషయంలో మనం చేయదగినదేమైనా ఉంటే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

నేను ఉపాధ్యాయుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే విశ్రాంతి దొరికాక, జ్ఞాపకశక్తి గురించీ చదువు పద్ధతుల గురించీ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనలను ఓపికగా చదివాను. చదువుతున్నకొద్దీ నాకొక సంగతి తట్టింది. వాళ్ళు ప్రయోగశాలల్లో తేల్చిన పద్ధతికి మన ఇళ్ళలో పాత పేరు ఒకటి ఉంది. దాన్ని మనం ఎప్పుడో వదిలేశాం. మళ్ళీ మొదలుపెట్టడానికి మనకంటే తగినవారు లేరని నా మనవి.

మనం ఇప్పుడు చేస్తున్నదేమిటి?

నిజం చెప్పుకుందాం. పిల్లల చదువులో మనకు చోటు లేదని మనలో చాలామంది ఊరుకున్నాం. వాళ్ళ ఫిజిక్సు మనకు తెలియదు. సిలబస్ మారిపోయింది, మీడియం మారిపోయింది. అందుచేత రెండు పనులకే పరిమితమయ్యాం. టీవీ శబ్దం తగ్గించడం ఒకటి, గంటకోసారి గుమ్మంలోంచి తొంగిచూసి "చదువుతున్నావా?" అనడం రెండోది.

పిల్లవాడు ఏం చేస్తున్నాడు? పుస్తకం తెరిచి ఉంటుంది. చేతిలో పసుపు పచ్చ రంగు పెన్ను ఉంటుంది. గీతలు గీస్తుంటాడు. ఒక్కొక్క పేజీలో గీత గీయని వాక్యమే ఉండదు. నాలుగోసారి చదువుతున్నానంటాడు. మనకు తృప్తి, వాడికీ తృప్తి. తీరా పరీక్షలో కూర్చున్నాక, "తాతయ్యా, పేజీ కళ్ళముందు కనిపిస్తోంది, అందులో ఏముందో మాత్రం గుర్తు రాలేదు" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. ముఖం గుర్తుపట్టడం వేరు, పేరు చెప్పగలగడం వేరు. ఈ సభలోనే చాలా ముఖాలు మనం గుర్తుపడతాం, పలకరించబోతే పేరు నాలుక మీదికి రాదు. మళ్ళీ మళ్ళీ చదివితే వచ్చేది ముఖపరిచయం మాత్రమే. పరీక్షలో అడిగేది పేరు.

అప్పజెప్పడం అంటే

మన చిన్నప్పుడు సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇంటి పెద్దల ముందు నిలబడి ఎక్కాలూ, పద్యాలూ, ఆనాటి పాఠమూ అప్పజెప్పేవాళ్ళం. పుస్తకం పెద్దల చేతిలో ఉండేది, పాఠం మన నోట్లో ఉండాలి. ఆ మాట ఎంత చక్కనిదో చూడండి. ఆఫీసులో బదిలీ అయినప్పుడు చార్జి అప్పజెప్పేవాళ్ళం గదా. "అన్నీ బీరువాలోనే ఉన్నాయండీ" అంటే చెల్లదు. జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్క రిజిస్టరూ తీసి చూపించాలి. అప్పుడే ఏది ఉందో, ఏది లేదో బయటపడేది. పాఠం సంగతీ అంతే. తలలో ఉందనుకోవడం వేరు, తీసి చూపించడం వేరు.

అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక జట్టు ఒక్క విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం పక్కన పెట్టి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు. వారికి నూటికి 83 పాళ్ళు గుర్తుంటే, రెండో జట్టుకు 71 పాళ్ళు. కానీ వారం తరువాత లెక్క తిరగబడింది. చదివిన జట్టుకు 40 పాళ్ళే మిగిలింది. చూడకుండా రాసిన జట్టుకు 61 పాళ్ళు మిగిలింది. ఇంకొక విశేషం ఉంది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా చూపినవారు నాలుగుసార్లు చదివినవారే.

ఈ లెక్కలో మన ఇళ్ళ కథంతా ఉంది. రాత్రంతా చదివి తెల్లవారి పరీక్ష రాసినవాడు ఒకప్పుడు గట్టెక్కవచ్చు. కానీ మార్చిలో రాయవలసినదాన్ని డిసెంబరులో చదువుతున్న పిల్లవాడికి ఆ పద్ధతి పనికిరాదు.

2013లో డన్లాస్కీ అనే ఆచార్యుడూ మరి నలుగురూ కలిసి, విద్యార్థులు వాడే పది చదువు పద్ధతులను పరిశీలించి ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. రెండు పద్ధతులకే పైస్థాయి ఇచ్చారు. ఒకటి తనను తాను పరీక్షించుకోవడం, రెండోది చదువును రోజుల మధ్య విడదీసి చదవడం. మళ్ళీ మళ్ళీ చదవడం, గీతలు గీయడం అట్టడుగున ఉన్నాయి. మన పిల్లలు పొద్దున లేచింది మొదలు చేస్తున్నవి ఆ అట్టడుగు పనులే.

మనకందరికీ తెలిసిన రిమైండరు డైరీ

రోజుల మధ్య విడదీయడం అన్నాను. అది మనకు కొత్త కాదు. తప్పాలు వచ్చిన రోజున పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి, జవాబు రావలసిన తేదీని రిమైండరు డైరీలో రాసుకునేవాళ్ళం. ఆ తేదీన ఫైలు మళ్ళీ బల్ల మీదికి రావలసిందే. ఒక్క ఫైలునే రోజంతా ముందు పెట్టుకుని కూర్చుంటే మిగిలిన పని ఆగిపోయేది. సమయానికి మళ్ళీ పైకి తీయడంలోనే గుమాస్తా నేర్పు ఉండేది.

జ్ఞాపకానికి కూడా అటువంటి డైరీ కావాలి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు 1885లోనే ఈ సంగతి రాశాడు. ఆయన అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, కొంతకాలం తరువాత వాటిని మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసివచ్చిందో తన మీద తానే లెక్క కట్టుకున్నాడు. గంట గడిచేసరికి కలిసివచ్చిన శ్రమ సగం కంటే తక్కువకు పడిపోయింది. ఒక రోజుకు మూడో వంతు, 31 రోజులకు అయిదో వంతు మిగిలింది. మొదటి గంటల్లో మరపు ఏటవాలున దిగుతుంది, ఆ తరువాత నెమ్మదిస్తుంది. అందుచేత ఈ రోజు చదివినదాన్ని రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి చూడకుండా చెప్పగలిగితే అది నిలుస్తుంది. ఈ తేదీలు శాసనం కాదు. క్రమంగా ఎడం పెంచుతూ పోవడమే ముఖ్యం.

మన రికార్డు గదిలో ఎల్.డిస్. కాగితాలు ఏడాది ఉంచి తీసేసేవారు, ఆర్.డిస్. శాశ్వతంగా ఉండేవి. ఒకసారి చదివి వదిలేసిన పాఠాన్ని మనసు ఎల్.డిస్.లో వేస్తుంది. నాలుగుసార్లు పైకి రప్పించిన పాఠాన్ని ఆర్.డిస్. కట్టలో కడుతుంది. (నవ్వులు)

కలిపి చేయించండి

లెక్కల విషయంలో ఇంకొక మాట. పిల్లలు ఒకే రకం లెక్కలు వరుసగా ఇరవై చేస్తారు. పదకొండో లెక్క నుంచి చెయ్యి దానంతటదే పోతుంది. ఆలోచన ఉండదు. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల పరిమాణం కనుక్కునే లెక్కలు ఇచ్చారు. ఒక జట్టు ఏ రకానికారకం వరుసగా చేసింది. రెండో జట్టు నాలుగు రకాలూ కలిపి చేసింది. అభ్యాసం చేసేటప్పుడు మొదటి జట్టుకు నూటికి 89 వచ్చాయి, కలిపి చేసినవారికి 60. వారం తరువాత పరీక్షలో మొదటి జట్టుకు 20, రెండో జట్టుకు 63.

కారణం తేలికే. పరీక్ష కాగితం మీద "ఇది ఫలానా అధ్యాయంలోని లెక్క" అని రాసి ఉండదు. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవడమే సగం పని. వరుసగా చేసినవాడికి ఆ ఎంపిక అలవాటు కాదు. కాబట్టి పాత అధ్యాయాల నుంచి ఒక్కొక్క లెక్క ఏరి, ఒక కాగితం మీద కలిపి రాసి ఇవ్వండి. మనకు జవాబు తెలియనక్కరలేదు. పుస్తకం చివర జవాబులు ఉంటాయి. లెక్క ఎక్కించడం మనకు చేతనైన పనే గదా!

"మావాడికి వింటేనే ఎక్కుతుందండీ"

ఈ మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. ఫలానా పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఫలానా పిల్ల విని నేర్చుకునే రకం, మరొకరు చేతులతో చేసి నేర్చుకునే రకం అని చెబుతున్నారు. న్యూజిలాండుకు చెందిన ఫ్లెమింగ్ అనే విద్యావేత్త పిల్లల ఇష్టాలను తెలుసుకోవడానికి తయారుచేసిన ఒక ప్రశ్నావళి 1992 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇష్టాలు ఉండడం నిజమే. ఒకరికి బొమ్మ చూడటం ఇష్టం, ఒకరికి పాఠం వినడం ఇష్టం. కానీ ఆ ఇష్టానికి తగిన పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందా అన్నది వేరే ప్రశ్న. నలుగురు ప్రముఖ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2008లో ఈ విషయంపై వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, అలా నిరూపించే సరైన ఆధారం లేదని తేల్చారు.

ఏ పద్ధతి కావాలో నిర్ణయించేది చాలావరకు పాఠమే. కృష్ణా, గోదావరి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో తెలియాలంటే ఎవరైనా పటం చూడవలసిందే. ఇంగ్లీషు ఉచ్చారణ రావాలంటే ఎవరైనా వినవలసిందే. లెక్క రావాలంటే ఎవరైనా కాగితం మీద చేయవలసిందే. విని నేర్చుకునే రకం కదా అని లెక్కలను విని ఊరుకుంటే రావు.

ఈ ముద్రల వల్ల నష్టం ఏమిటంటారా? పదేళ్ళ పిల్లతో "నువ్వు పుస్తకం చదివి నేర్చుకునే రకం కాదు" అంటే, ఆ పిల్ల పుస్తకం మూసేస్తుంది. ఆ మాట జీవితాంతం మోస్తుంది. అసలు కారణం మరొకటి కావచ్చు. బోర్డు కనిపించని పిల్లకు కళ్ళజోడు కావాలి. వినపడని పిల్లవాణ్ణి చెవుల డాక్టరుకు చూపించాలి. తెలివైన పిల్లవాడే అయినా అక్షరాలు కూడబలుక్కోవడానికి మిగతావారికంటే ఎక్కువ అవస్థ పడుతుంటే, అది సోమరితనం కాకపోవచ్చు, నిపుణులకు చూపించాలి. రకం పేరు పెట్టి ఊరుకుంటే ఇవన్నీ మరుగున పడతాయి.

వేలిముద్రలు తీసి పిల్లవాడి తెలివి ఏ రకమో, ఏ కోర్సులో చేర్చాలో చెబుతామని డబ్బు పుచ్చుకునేవారు కూడా బయలుదేరారు. దానికి శాస్త్రాధారం లేదు. ఏటా జీవన ప్రమాణ పత్రం కోసం యంత్రం మీద వేలు పెడితే, ఎదురుగా కూర్చున్న మనం బతికే ఉన్నామని ఒప్పుకోవడానికే దానికి నాలుగుసార్లు పడుతోంది. ఇక వేలిముద్రలో మనుమడి భవిష్యత్తు ఏం కనిపిస్తుంది! (నవ్వులు)

పుస్తకం ముందున్నా

"గూగుల్‌లో అన్నీ ఉంటే ఇంక జ్ఞాపకం ఎందుకు తాతయ్యా?" అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో ఉంది. అకౌంట్స్ టెస్టులో పుస్తకాలు చూసి రాయనిచ్చే పేపరు మనలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఫండమెంటల్ రూల్సు, ట్రెజరీ కోడు, ఫైనాన్షియల్ కోడు సంచీలో మోసుకుని పరీక్షకు వెళ్ళేవాళ్ళం. బయటివారు "పుస్తకం చూసి రాసే పరీక్ష కూడా పరీక్షేనా?" అని నవ్వేవారు. కానీ ఫెయిలయ్యేవారు అందులోనే ఎక్కువగా కనిపించేవారు. ఇంక్రిమెంటు ఆగేది, ప్రమోషను ఆగేది.

ఎందుకని? ప్రశ్న చదవగానే ఇది సెలవు జీతానికి సంబంధించిందా, జాయినింగ్ టైముకు సంబంధించిందా అని తెలియాలి. ఏ అధ్యాయంలో వెతకాలో తెలియాలి. రూలు కింద ఉన్న మినహాయింపు కూడా గుర్తుండాలి. తలలో ఏమీ లేనివాడు మూడు గంటలూ పేజీలు తిప్పుతూనే ఉండేవాడు. మా రోజుల్లో నలుగురం కలిసి భోజన విరామంలో ఒకరినొకరు అడుగుకునేవాళ్ళం. "సస్పెన్షనులో ఉన్నవాడికి ఏమిస్తారు? ఎక్కడుంది?" అని ఒకరు అడిగితే, పుస్తకం తెరవకుండా మరొకరు చెప్పాలి. చెప్పలేకపోతే అప్పుడు తెరవాలి. అలా చెప్పుకున్నది ఇన్నేళ్ళకూ పోలేదు. ఫోనులో ప్రపంచమంతా ఉన్నా, ఏం అడగాలో తెలిసినవాడికే అది జవాబిస్తుంది.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

ఏమీ తెలియని మనం ఏం అప్పజెప్పించుకుంటామని సందేహం రావచ్చు. మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నా శ్రీమతి అయిదో తరగతి వరకే చదివింది. మా మనుమరాలు ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుంది. ఒక సెలవు రోజు ఈవిడ చిక్కుడుకాయలు వలుస్తూ, "ఏం చదువుతున్నావే? నాకూ చెప్పు" అంది. ఆ పిల్ల గుండె గురించి మొదలుపెట్టింది. "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం పోతుంది నాయనమ్మా" అంది. చెబుతూ చెబుతూ, "ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం పుపుస సిరల ద్వారా గుండెకు వస్తుంది" అంది.

ఈవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఇందాక సిరల్లో చెడు రక్తం అన్నావు. ఇప్పుడు శుభ్రపడిన రక్తం సిరల్లో వస్తుందంటున్నావు. ఏది నిజమే?" అంది.

పిల్ల ఆగిపోయింది. పుస్తకం తెచ్చి చూసుకుంది. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర. అందులో ఏ రక్తం ఉందన్నది తరువాతి మాట. పుపుస ధమని, పుపుస సిర విషయంలో మామూలు లెక్క తిరగబడుతుంది. లెక్చరరు చెప్పినప్పుడు విన్నదే, పుస్తకంలో గీత గీసుకున్నదే. అయినా నాయనమ్మ అడిగేదాకా ఆ రెండు వాక్యాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయని ఆ పిల్లకు తెలియలేదు. ఆ ప్రశ్న అడగడానికి కావలసింది శరీర శాస్త్రం కాదు. శ్రద్ధగా వినడం, అర్థం కానిదాన్ని అర్థం కాలేదని చెప్పగల నిర్భయం. ఈ రెండూ మన వయసులో పుష్కలంగా ఉంటాయి. తీరిక కూడా ఉంటుంది. అది ఆ పిల్లల తల్లిదండ్రులకు లేదు, వాళ్ళ తప్పేమీ కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అప్పజెప్పడం అంటే బట్టీ కాదు. మన వేదపండితులు పదం, క్రమం, జట, ఘనం అని మాటలను ముందుకూ వెనకకూ తిప్పి వల్లిస్తూ అంత వాఙ్మయాన్నీ పుస్తకం లేకుండానే నిలిపారు. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో కూడా 2003లో గుర్తించింది. అక్కడ అక్షరం మారకూడదు, కాబట్టి అది తగిన పద్ధతి. కానీ న్యూటన్ సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పి, బస్సుకు బ్రేకు వేస్తే మనం ముందుకు ఎందుకు తూలుతామో చెప్పలేకపోతే ఉపయోగం లేదు. అందుచేత "చెప్పు" అన్న తరువాత "ఎందుకు?" అని కూడా అడగాలి. సొంత మాటల్లో చెప్పించాలి. ఇంగ్లీషు మీడియం పాఠాన్ని మనకు తెలుగులో చెప్పవలసి వస్తే పిల్లవాడు అర్థం చేసుకుని తీరాలి. మనకు ఇంగ్లీషు రాకపోవడం ఇక్కడ వాడికి లాభమే!

బెత్తం లేకుండా

పాత పద్ధతిని తిరిగి తెమ్మంటున్నాను గానీ, పాత బెత్తాన్ని తెమ్మనడం లేదు. ఆ రోజుల్లో అప్పజెప్పడంలో తడబడితే తొడపాశం పెట్టేవారు, కోదండం వేసేవారు. భయంతో నోరు ఎండిపోతే వచ్చినది కూడా రాదు. పిల్లవాడు తడబడినప్పుడు కొంచెంసేపు ఆగండి. ఆ వెతుకులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. రాకపోతే పుస్తకం చూసుకోనివ్వండి, మళ్ళీ మూసి చెప్పమనండి. "పక్కింటి పిల్ల ఎలా చెబుతుందో చూడు" అనే మాట నోటి వెంట రానీయకండి. రోజుకు పావుగంట చాలు. అంతకు మించితే మనం మరొక ట్యూషను మాస్టరమవుతాం.

రాత్రి నిద్ర తగ్గించనీయకండి. పగలు నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుందని పరిశోధకులు చెబుతున్నారు. పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదివేవాడు, కట్టిన కట్టను తానే విప్పుకున్నట్టు.

మనుమలు హాస్టళ్ళలో ఉన్నవారి మాట ఏమిటని అడగవచ్చు. ఫోను చేసే రోజు ఉంటుంది గదా. ఆ పది నిమిషాల్లో "వీక్లీ టెస్టులో ఎన్ని వచ్చాయి? ర్యాంకు ఎంత?" అని అడగకండి. ఆ మాట వాళ్ళను అడిగేవారు చాలామంది ఉన్నారు. "భోజనం చేశావా? ఈ వారం నేర్చుకున్నదాంట్లో నాకు ఒక్క సంగతి చెప్పు" అనండి. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న మనుమల దగ్గరా వీడియోలో ఇదే పని చేయవచ్చు. వాళ్ళ తెలుగు కూడా కాస్త బాగుపడుతుంది.

కాగితం కంటే పిల్ల పెద్దది

చివరగా, ఈ సంతోష సమయంలో చెప్పకూడదేమో గానీ, చెప్పక తప్పని సంగతి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మార్కుల జాబితాల్లో తప్పులు దొర్లాయని పెద్ద ఎత్తున ఫిర్యాదులు వచ్చాయి. ఫెయిలయిన వారందరి జవాబు పత్రాలనూ రుసుము లేకుండా మళ్ళీ సరిచూడాలని ప్రభుత్వం ఆదేశించింది. కానీ ఆ లోగా ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

మనం కాగితాల మధ్య బతికినవాళ్ళం. కాగితంలో తప్పు పడటం ఎంత తేలికో, దాన్ని సరిదిద్దడానికి ఎన్ని దారులున్నాయో మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడితే సవరణ వేయించుకున్నాం. పే ఫిక్సేషను తప్పయితే అప్పీలు పెట్టుకున్నాం. రీకౌంటింగు ఉంది, రీవెరిఫికేషను ఉంది, సప్లిమెంటరీ ఉంది, మళ్ళీ సంవత్సరం ఉంది. నిజంగానే మార్కులు తక్కువ వచ్చినా అది ఆ మూడు గంటలకు సంబంధించిన కాగితమే. పదహారేళ్ళ పిల్లకు ఈ సంగతి తెలియదు. మెమోలో ఉన్నదే తన వెల అనుకుంటుంది. ఆ మాట తప్పని చెప్పవలసినవారం మనం. అది ఫలితాలు వచ్చిన రోజున చెబితే ఎక్కదు. ముందునుంచీ రోజూ పావుగంట మన పక్కన కూర్చుని మాట్లాడటం అలవాటైన పిల్ల, ఆ రోజున కూడా మన పక్కనే వచ్చి కూర్చుంటుంది. అప్పజెప్పించుకోవడంలో నేను ఆశించే పెద్ద లాభం అదే. మార్కులు దాని తరువాతే.

పిల్లలు తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, "నేను ఎందుకూ పనికిరాను" అని పదేపదే అన్నా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే ఉచిత సహాయ కేంద్రం ఉంది. ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. దయచేసి ఈ నంబరును మీ డైరీలో రాసుకోండి.

కార్యవర్గానికి ఒక విన్నపం. మన సంఘం గది సాయంత్రాలు చాలావరకు ఖాళీగానే ఉంటుంది. పరీక్షలయ్యే వరకు వారానికి రెండు రోజులు ఒక గంట చొప్పున, చుట్టుపక్కల పిల్లలు వచ్చి పాఠాలు అప్పజెప్పుకోవడానికి దాన్ని తెరిచి ఉంచుదాం. ఇంట్లో తాతలూ అమ్మమ్మలూ లేని పిల్లలు కూడా వస్తారు. వినేవారికి అర్హత పరీక్ష లేదు, వయోపరిమితి అంతకన్నా లేదు. వంతుల పట్టీ వేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మొదటి రెండు వారాలకు నా పేరు రాసుకోండి. మిగిలిన వారాలకు పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కోశాధికారిగారి బల్ల దగ్గర ఉన్న కాగితం మీద రాయవలసిందిగా కోరుతున్నాను.